బెలూన్ల ఫ్రేము

బడిలో కంప్యూటర్ టీచర్ అంటే ముందుగా ప్రింటర్ బాగుచేసే మనిషి. ఈ సంగతి తెలుసుకొని చేరితే మంచిది. నాకు ఎవరూ చెప్పలేదు.

నాచారంలో ఒక ప్రైవేటు బడిలో కొన్నేళ్లు పనిచేశాను. ఇప్పుడు అక్కడ లేను, ఉప్పల్‌లో వేరే ఉద్యోగం. ఈ మధ్య మా పిన్ని కూతురు బీఈడీ పూర్తిచేసి, "అక్కా, బడిలో చేరుతున్న. ఏమన్న జాగ్రత్తలుంటే చెప్పు" అంది. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. రాయడం కొంచెం వచ్చు. అందుకని ఆమెకూ, ఆమెలా కొత్తగా చేరే వాళ్లకూ, ఒక దసరా సెలవుల ముందు మా బడిలో జరిగింది రాస్తున్నాను. అప్పటి డైరీ పక్కన పెట్టుకున్నాను కాబట్టి మాటలు చాలావరకు ఎవరివి వాళ్లవే.

ఆ ఏడాది పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలు గ్రూపులుగా కలిసి ఇంటర్నెట్ భద్రత మీద ఒక ప్రాజెక్టు చేయాలి, దసరా సెలవులు ఇచ్చే రోజు తల్లిదండ్రుల ముందు ప్రదర్శించాలి. ప్రిన్సిపాల్ సార్ ఆ కాగితం నా చేతిలో పెట్టి, "చార్టులు మంచిగ ఉండాలె మేడమ్. ఫోటోలల్ల కొట్టొచ్చినట్టు కనబడాలె" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. బడి అంటే ఆయనకు ప్రాణం. కాకపోతే ఏ పనైనా ఫోటో దిగాకే జరిగినట్టు లెక్క.

పిల్లలు చార్టులు రాశారు. ఒక గ్రూపు 'బలమైన పాస్‌వర్డ్ ఇలా ఉండాలి' అని శీర్షిక పెట్టి, కింద పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, నక్షత్రం గుర్తు అన్నీ కలిపి ఒక ఉదాహరణ రాసింది. ఎర్ర స్కెచ్ పెన్నుతో, చుట్టూ మెరుపు కాగితం అంటించి. చూడముచ్చటగా ఉందని ల్యాబ్ గోడకు అతికించాను. తర్వాతి వారం ఏడో తరగతి పిల్లవాడు ఒకడు కీబోర్డు ముందు కూర్చొని మెడ అటూ ఇటూ సాచుతున్నాడు.

"ఏందిరా?" అన్నాను.

"జర పక్కకు జరుగుతరా మేడమ్? నా పాస్‌వర్డ్ కనిపిస్తలేదు."

వాడి ఒక్కడిదే కాదు. ల్యాబ్‌లో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమన్న వాళ్లందరూ గోడ మీదిదే పెట్టుకున్నారు. బలమైనదని టీచరే చెప్పాక వేరేది ఎందుకు?

ఆ చార్టు రాసిన గ్రూపులో నలుగురు. లీడర్ ఒక గట్టి గొంతు అమ్మాయి, ఎవరినీ లెక్కచేసేది కాదు. రెండో వాడు రైల్వే ఉద్యోగి కొడుకు. వాళ్ల కుటుంబం కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చింది. వాడు 'అదేంటండీ' అంటే చాలు, క్లాసంతా 'అదేంటండీ' అని తిప్పి అనేది. మూడో వాడు బొమ్మలు వేసేవాడు, నోరు విప్పడు. నాలుగో అమ్మాయి కోసమే ఇదంతా రాస్తున్నాను. తెలివైన పిల్ల. వాళ్ల నాన్న నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేసేవాడు. జనగామ వైపు నుంచి వచ్చిన వాళ్లు.

ఇక మా ఫ్రంట్ ఆఫీసు అక్క గురించి చెప్పాలి. ఫోన్లు ఎత్తడం, వచ్చిన వాళ్లను కూర్చోబెట్టడం ఆమె పని. కానీ ఆమె మనసంతా పుట్టినరోజు కార్డుల మీద ఉండేది. ఏ పిల్లదో పుట్టినరోజు అంటే ముందురోజే వాళ్లింటి నుంచి ఒక ఫోటో తెప్పించుకునేది. గులాబీ రంగు బెలూన్ల ఫ్రేములో అది పెట్టి, పేరు, క్లాసు, సెక్షను, తేదీ రాసి, పొద్దున్నే బడి పేజీలో పెట్టేది. పిల్లలు రంగు డ్రెస్సులో, చాక్లెట్ల డబ్బాతో వచ్చి మొదట ఆఫీసు కిటికీ దగ్గర ఆగి తమ కార్డు చూసుకొనేవాళ్లు. ఒకరోజు కార్డు ఆలస్యమైతే తల్లులు ఫోన్ చేసేవాళ్లు. "మా బాబుది ఇంక రాలేదేంది?" అని.

మా చార్టుల ఫోటోలు కూడా ఆమే పేజీలో పెట్టింది. ఆ నలుగురూ నవ్వుతూ, ల్యాబ్ గోడకే అతికించిన తమ రెండో చార్టు, 'మీ వివరాలు, ఫోటోలు తెలియని వాళ్లకు ఇవ్వకండి' అన్నది, పట్టుకొని నిలబడ్డారు. కింద నలుగురి పూర్తి పేర్లు, క్లాసు, సెక్షను. అప్పుడు అందులో ఎవరికీ ఏ తేడా కనిపించలేదు. చాలామంది మెచ్చుకున్నారు కూడా.

తర్వాత ఒక సోమవారం నేను తొమ్మిదో తరగతి క్లాసుకు ల్యాబ్‌లోకి వెళ్లేసరికి గుసగుసలు. ఆ నాలుగో అమ్మాయి పేరుతో, ఆమె ఫోటోతో ఎవరో ఒక అకౌంట్ తెరిచారు. క్లాసులో ఫోన్లున్న అబ్బాయిలకు, ఆమె మేనత్త కొడుకులకు, కాలనీలో కుర్రాళ్లకు అందులోంచి మెసేజీలు పోయాయి. వాటిలో ఆమె కాలనీ, ఎక్కే బస్సు, చుట్టాల పేర్లు కూడా ఉన్నాయి. మిగతా మాటలు ఇక్కడ రాయను. ఈ సంగతి అందరి తర్వాత తెలిసింది ఆమెకే. ఎందుకంటే ఆమెకు ఫోన్ లేదు.

ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. ఒకమ్మాయి మాత్రం గోడ మీది ఆ రెండో చార్టు వైపు చూసి, "నువ్వే రాసినవ్ గద, తెలియని వాళ్లకు ఫోటో ఇయ్యొద్దని. మరెందుకిచ్చినవ్?" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. మా ప్రాజెక్టు ఆ పిల్లను కాపాడలేదు సరికదా, నేరం మోపడానికి పనికొచ్చింది.

మర్నాడు వాళ్ల నాన్న వచ్చాడు. కంపెనీ చొక్కాతోనే, కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు. ప్రిన్సిపాల్ గదిలో ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం తీస్తూ నేను అక్కడే ఉన్నాను.

"సార్, నా బిడ్డకు ఫోన్ లేదు. ఇంట్ల ఉన్నది నా ఒక్క ఫోనే. అది నా జేబులనే ఉంటది. మరి ఫోటో ఎట్ల పోయింది?"

"పిల్లలు కద. ఫ్రెండ్స్ ఫోన్లల్ల దిగుతరు, ఇస్తరు. మనకు చెప్తరా?" అన్నారు సార్.

ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఎవరికిచ్చినవ్?"

"ఎవ్వరికి ఇయ్యలే డాడీ."

"ఇయ్యకపోతే గాలికి కొట్టుకపోయిందా?"

ఆయన సార్‌తో అన్నాడు: "స్టేషన్ల కంప్లైంట్ ఇచ్చిన. తీసేయిస్తమన్నరు. తీసేస్తే ఏమాయె, చూసేటోళ్లంత చూసిన్రు. దసరా సెలవుల దాక వస్తది సార్. ఆ తర్వాత బడి బంద్. పదోది ఇంట్ల కూసొని ప్రైవేటుగ రాస్తది."

గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువుంది. ఆయన దృష్టిలో అది శిక్ష కాదు, తలుపు వేయడం. సార్ "ఆలోచించుకోండి" అన్నారు. ప్రింటర్ బాగైంది, కాగితం బయటికొచ్చింది.

ఆ సాయంత్రం బస్సులు కదిలే ముందు నలుగురూ ల్యాబ్‌కు వచ్చారు. లీడర్ వస్తూనే గోడ మీద ఆ రెండో చార్టు పీకింది.

"గిది అబద్ధం మేడమ్. ఫోటో ఇయ్యకుంటే ఏం గాదని రాసినం. మా దోస్తు ఎవ్వరికి ఇయ్యలే. అయినా అయింది. మరి ఏం రాయాలె ఇప్పుడు?"

"నిజంగ ఇయ్యలేదా?" అని నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేదని ఆ పిల్ల ముఖం చూస్తే తెలిసింది. రైల్వే అబ్బాయి, "అసలు ఆ ఫోటో ఏదో చూద్దామండీ. మనం ఇంకా అదే చూడలేదు" అన్నాడు. ఈసారి ఎవరూ వెక్కిరించలేదు.

లీడర్ దగ్గర పెన్‌డ్రైవ్‌లో వాళ్లన్న తీసిపెట్టిన స్క్రీన్‌షాట్ ఉంది. నాకు తెరవబుద్ధి కాలేదు. ఆ అమ్మాయే అంది: "చూడున్రి మేడమ్. నేను గూడ చూస్త. నా ఫోటోనే కద."

కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాం. పసుపు డ్రెస్సు, రెండు జడలు, కొంచెం బిగుసుకున్న నవ్వు. చుట్టూ కత్తిరించేశారు. బొమ్మల అబ్బాయి తెర దగ్గరికి వచ్చి కింది మూలలో వేలు పెట్టాడు. గులాబీ రంగు ముక్క, దాని కింద సన్నటి తెల్ల దారం.

"ఇది మన బడి బెలూన్" అన్నాడు. ఆ ఏడాది వాడి గొంతు నేను సరిగ్గా విన్నది అప్పుడే.

అందరికీ తెలిసిన ఫ్రేమే. నా పుట్టినరోజుకు, నేను వద్దని ఎంత బతిమాలినా, అక్క అదే ఫ్రేము పెట్టింది.

ఫోటో బడి కార్డు నుంచే పోయిందని లీడర్ మర్నాడే క్లాసులో చెప్పేసింది. క్లాసు ఒప్పుకోలేదు. "ఫోటో అంటే కార్డుల దొరికింది. మరి వాళ్ల కాలనీ, బస్సు, చుట్టాల పేర్లు ఎట్ల తెలిసినయ్? అదే చెప్పి ఉంటది" అన్నారు. పిల్లలు న్యాయమూర్తుల కన్నా కఠినంగా ఉంటారు, కొత్తగా చేరే వాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. వాళ్లకు ఉపన్యాసం చాలదు, కళ్లముందు పెట్టాలి.

"అయితే అన్నీ ఎట్ల తెలుస్తయో చూపిద్దం. దీని గురించి పేజీల ఏమేమున్నయో వెతుకుదం" అంది లీడర్, స్నేహితురాలి భుజం మీద చెయ్యి వేసి.

"వద్దు" అన్నాను. "ఏ పిల్ల గురించీ వెతకడం లేదు. ఒకసారి అయింది చాలు."

"మరి ఎవరి మీద వెతకాలె?"

నోటికి అదెలా వచ్చిందో నాకు తెలియదు. "నా మీద."

లీడర్ పకపకా నవ్వింది. "మీకు అకౌంటే లేదు గద మేడమ్. స్టాఫ్ ఫోటోల గూడ వెనక్కి పోయి దాక్కుంటరు. ఏం దొరుకుతది?"

నేను కూడా అలాగే అనుకున్నాను. అందుకే అంత ధైర్యం.

నియమాలు పెట్టుకున్నాం. ఎవరినీ అడగకూడదు. ఎవరి ఫోనూ చూడకూడదు. బయటి మనిషి ఎవరైనా తెరవగలిగిన బడి పేజీ మాత్రమే చూడాలి. పని పంచుకున్నారు. బొమ్మల అబ్బాయి ఫోటోల్లో వెనక ఏముందో చూస్తాడు. లీడర్ ఫోటోల కింద రాతలు చదువుతుంది. రైల్వే అబ్బాయి టైములు, రూట్లు. "మా ఇంట్లో అన్నం కూడా టైంటేబుల్ చూసి పెడతారండీ" అన్నాడు. నాలుగో అమ్మాయి ముగ్గురు తెచ్చినవి ఒకచోట పేర్చాలి. ఆ పని ఆమే అడిగి తీసుకుంది. రోజూ మధ్యాహ్నం అన్నాల గంటలో డబ్బాలతో సహా ల్యాబ్‌కు వచ్చేవాళ్లు. కీబోర్డుల మీద మెతుకులు పడొద్దని అరవడం తప్ప నేను చేసిందేమీ లేదు.

విడివిడిగా చూస్తే దొరికినవి ఏవీ పెద్దవి కావు. టీచర్స్ డే ఫోటో కింద నా పేరు, చదువు. బెలూన్ల కార్డులో పుట్టినరోజు. రక్తదాన శిబిరం ఫోటోలో నా కొంగుకు అంటించిన బ్లడ్ గ్రూపు చీటీ. అది మా ఇంట్లో వాళ్లకే తెలియదు. వానాకాలం మొక్కలు నాటిన ఫోటోలో మా వీధి మొదట్లో ఉన్న పాలబూతు. ఆ మొక్కలు నాటింది మా కాలనీలోనే, ఫోటో కింద 'మన కంప్యూటర్ మేడమ్ వీధిలో' అని రాసి ఉంది. ఏడాది మొదట్లో తల్లిదండ్రుల సౌకర్యం కోసం పెట్టిన బస్సుల పట్టికలో బోడుప్పల్ రూటు ఇన్‌ఛార్జిగా నా పేరు, నేను ఎక్కే స్టాపు, బస్సు వచ్చే వేళ.

ఒకరోజు ఆ అమ్మాయి అన్నీ కలిపి రాసింది లేచి నిలబడి చదివింది. "ఈమె బోడుప్పల్‌లో పాలబూతు ఉన్న వీధిలో ఉంటారు. బస్సు ఈమెతోనే మొదలవుతుంది కాబట్టి ఆ స్టాపులో పిల్లలు ఉండరు. బడి ఉన్న ప్రతిరోజూ తెల్లవారగానే ఈమె అక్కడ ఒంటరిగా నిలబడతారు."

ఎప్పుడూ అలా ఆలోచించలేదు నేను. ఆ స్టాపు నాకు ఇష్టం. చుట్టూ ఎవరూ ఉండరు, హాయిగా చదువుకోవచ్చు.

"ఇంకొకటుంది" అన్నాడు బొమ్మల అబ్బాయి నెమ్మదిగా. స్టాఫ్‌రూమ్‌లో ఎవరికో సన్మానం చేసిన ఫోటో. వెనక మూలలో నేను, తల వంచుకొని, కంప్యూటర్ పాఠ్యపుస్తకం చేతిలో పట్టుకొని. వాడు పెద్దది చేశాడు. పాఠ్యపుస్తకం లోపల మరో పుస్తకం అంచు. ఇంకా పెద్దది చేశాడు. అది ఏ నవలో కూడా తెలుస్తోంది.

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను కానీ చెవులు వేడెక్కాయి. వీధి తెలిసిపోయినందుకన్నా ఇందుకే నాకు ఎక్కువ కష్టమనిపించింది. ఇంట్లో నా డైరీ ఉన్న బీరువాకు తాళం ఉంది. ఆ తాళంచెవి ఎక్కడ పెడతానో అమ్మకు కూడా చెప్పను.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తోంది. "మీకు గూడ గట్లనే అనిపిస్తుందా మేడమ్?" అని అడిగింది.

"ఎట్ల?"

"అందరు మన ఇంట్లకు వచ్చి పోయినట్టు."

"అవును" అన్నాను. అప్పుడే నిర్ణయించుకున్నాను, ఈ ప్రదర్శన జరగాలని.

ప్రిన్సిపాల్ గదికి వెళ్లే ముందు చెప్పాల్సినవన్నీ రాసుకొని, నీళ్లు తాగి, మళ్లీ తాగి వెళ్లాను. లోపలికి వెళ్లాక రాసుకున్నది ఒక్కటీ గుర్తురాలేదు.

"సార్, ఆ పాప ఫోటో మన పేజీ నుంచి పోయింది."

"ఎవరన్నరు?"

"బెలూన్ కనబడుతుంది సార్."

ఆయన అంతా విన్నారు. విన్నాక కళ్లజోడు తీశారు. "అంటే తల్లిదండ్రులను పిలిచి మరీ మన బడి మీద మనమే వేలు చూపిస్తమా? గీ పిల్లల ముచ్చట పట్టుకొని? వచ్చే ఏడు అడ్మిషన్లు ఎవరు తెస్తరు మేడమ్, మీరా?"

"అందులో ఉన్నదంతా నా గురించే సార్. నేను ఒప్పుకున్నాను. వేరే ఎవరి వివరాలూ లేవు."

"చార్టులున్నయ్ గద. అవి పెట్టున్రి."

"ఆ చార్టుల్లో రాసింది నిజం కాదు సార్. అవి పెట్టలేను. ఇది వద్దంటే, మా బడిలో చూపించడానికి ఏమీ లేదని సర్క్యులర్‌కు జవాబు రాస్తాను."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకొని, "మీరు గింత మాట్లాడతరని నాకు తెల్వదు మేడమ్" అన్నారు. తర్వాత, "బడి పేరు మీద కాగితం అంటించాలె. ఎక్కడా కనబడొద్దు" అన్నారు. ఒప్పుకున్నాను. బడి యూనిఫాం వేసుకున్న పిల్లలు, బడి ల్యాబ్‌లో, బడి పేరు దాచిపెట్టి చూపిస్తారన్న మాట. నవ్వు ఆపుకొని బయటికొచ్చాను.

బయట ఫ్రంట్ ఆఫీసు అక్క నిలబడి ఉంది. తలుపు పలుచన.

"అంటే నేను పిల్లలను బజార్ల పెట్టిననా చెల్లె?"

పక్కనున్న కుర్చీ ఆమె వైపు జరిపాను. ఆమే అంది: "నేను ఏ రోజు పుట్టిన్నో మా అమ్మకు గూడ యాదికి లేదు. వానలు పడుతున్నయంట, గంతే. గందుకే ఒక్క పిల్ల కార్డు గూడ తప్పకుండ చూసిన. ఎవ్వరు చిన్నబుచ్చుకోవద్దని."

ఆ రోజంతా ఆమె నాతో మాట్లాడలేదు. మర్నాడు అన్నాల గంటలో ల్యాబ్ తలుపు తోసుకొని వచ్చి, పిల్లల మధ్యలో కుర్చీ లాక్కొని కూర్చుంది.

"ఏవేవి తీసెయ్యాల్నో చూపియ్యున్రి బిడ్డా. మొదలు దీని కార్డు తీస్త" అని ఆ అమ్మాయి వైపు చూపించింది.

"సార్‌ను అడగరా అక్కా?" అన్నాను.

"పెట్టేటప్పుడు ఎవర్నన్న అడిగిన్నా? తీసేటప్పుడెందుకు?"

అలా మొదలుపెట్టి, ఖాళీ దొరికినప్పుడల్లా వచ్చి ఒక్కొక్క కార్డూ తీసేసేది. తీసేముందు ప్రతి పిల్ల ముఖం ఒకసారి చూసుకొనేది. ప్రదర్శనకు కావాల్సిన నా ఫోటోలు మాత్రం ముందే ప్రింటు తీసిపెట్టుకున్నాం.

సెలవులిచ్చే రోజు వచ్చింది. పొద్దున ప్రదర్శన, మధ్యాహ్నం గ్రౌండ్‌లో బతుకమ్మ. ఆడపిల్లలు పట్టు లంగాల్లో, తంగేడు, బంతిపూల సంచులతో వచ్చారు. ఆ అమ్మాయి యూనిఫాంలోనే వచ్చింది. బ్యాగులో పుస్తకాలన్నీ సర్దుకొని తెచ్చుకుంది. "డాడీ ఇయ్యాల సగం రోజు సెలవు పెట్టి వచ్చి తీసుకపోతడు మేడమ్. రేపటి సంది వచ్చేది లేదన్నడు" అంది. ఆ మాట అన్నాక గోడకు ఫోటోలు అతికించడానికి వెళ్లిపోయింది.

ల్యాబ్‌లో ఒక గోడ మొత్తం నేను. వచ్చిన తల్లిదండ్రులకు లీడర్ గొంతెత్తి చెప్పేది: "మీకు ఈమె ఎవరో తెల్వదు. ఎప్పుడూ చూడలే. ఈ ఫోటోలు చూసి, ఈమె మీకు ఎక్కడ దొరుకుతదో చెప్పాలె." స్టాఫ్‌రూమ్‌లో కూర్చుందామని అనుకున్నాను. కాళ్లు ఆగిపోయాయి. పిల్లలు నిలబడ్డప్పుడు నేనెందుకు దాక్కోవాలి? ఆ గోడ పక్కనే నిలబడ్డాను.

మొదట అందరూ నవ్వారు. ఒక నానమ్మ మనవడితో చదివించుకొని, "నీదీ నాదీ ఒకటే రక్తం బిడ్డా. అవసరం పడితే పిలుస్త" అంది. ఒకావిడ నవల పేరు చూసి, "నా దగ్గర రెండో భాగముంది మేడమ్, కావాల్నా?" అని అడిగింది. భయపడినంత ఘోరంగా లేదనుకున్నాను.

అంతలో ఒక పిల్లవాడి బాబాయి, పాతికేళ్ల మనిషి, ఆటలా మొదలుపెట్టి వేలితో ఒక ఫోటో నుంచి ఇంకో ఫోటోకు వెళ్తూ గట్టిగా చదివాడు. "పాలబూతు... బస్సు మొదటి స్టాపు... తెల్లారంగ... ఒక్కతే." అప్పుడు తల తిప్పి గోడ పక్కన నిలబడ్డ నన్ను చూశాడు. వేలు దించేశాడు. "సారీ మేడమ్" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్లు కొందరు పక్కనున్న తమ పిల్లలను దగ్గరికి లాక్కున్నారు.

అప్పుడే తలుపు దగ్గర ఆ అమ్మాయి నాన్న నిలబడి ఉండటం చూశాను. కూతురి బ్యాగు అప్పటికే ఆయన భుజాన ఉంది.

చివరి మాట ఆ అమ్మాయిదని గ్రూపు ముందే అనుకుంది. ప్రతి జట్టు తల్లిదండ్రులకు ఆమె ఒకే ప్రశ్న వేస్తోంది. తండ్రిని చూసింది. అయినా ఆగలేదు.

"ఈ మేడమ్‌కు ఏ అకౌంట్ లేదు. ఎవ్వరికి ఫోటో ఇయ్యలే. మరి ఈమె తప్పేంది?"

వాళ్ల నాన్న అడిగాడు, తలుపు దగ్గర నుంచే. "మరి ఈ ఫోటోలు ఎవరు పెట్టిన్రు?"

"మేడమ్ అంటే ఇష్టమున్నోళ్లే డాడీ."

గది చివర ఫ్రంట్ ఆఫీసు అక్క తల దించుకుంది. ఆయన లోపలికి వచ్చి గోడ ముందు ఆగాడు. ఒక్కొక్కటే చూస్తూ నా పుట్టినరోజు కార్డు దగ్గరికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. గులాబీ బెలూన్లు, తెల్ల దారాలు. జేబులోంచి ఫోన్ తీశాడు. తెర మీద అదే ఫ్రేము. పసుపు డ్రెస్సు, రెండు జడలు. ఆయన వాట్సాప్‌కు పెట్టుకున్న ఫోటో అదే. ఇంకా మార్చలేదు.

"ఆఫీసుకు పంపింది నేనే" అన్నాడు. "కార్డు వచ్చినంక కంపెనీ గ్రూపుల గూడ పెట్టిన. మా ఊరోళ్ల గ్రూపుల గూడ." ల్యాబ్ స్టూలు మీద కూర్చున్నాడు. "నా బిడ్డ అని చెప్పుకోనీకి పెట్టిన మేడమ్."

"మంచిగనే పెట్టినవన్నా. నేను గూడ గట్లనే పెట్టిన" అంది అక్క.

రైల్వే అబ్బాయి ఒక గ్లాసు చల్లటి నీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చాడు. ఆ అమ్మాయి తండ్రి పక్కన నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఆయన చెయ్యి మాత్రం బ్యాగు పట్టీ మీద నుంచి జారింది. బ్యాగు స్టూలు కాళ్ల దగ్గర దిగింది.

ప్రిన్సిపాల్ సార్ ఎప్పుడొచ్చారో, అంతా విన్నారు. "మేడమ్, పైకి రిపోర్టు పంపాలె. ఫోటో కావాలె" అన్నారు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వెనక నుంచి తీయున్రి. ముఖాలు రావద్దు." ఆ రిపోర్టులో మా ప్రాజెక్టు అంటే నాలుగు వీపులు, రెండు జడలు.

ఆ దొంగ అకౌంట్ కొన్నాళ్లకు పోయింది. చేసిందెవరో ఈ రోజుకీ తెలియదు. నాకు ఆ స్టాపు మార్చి, పిల్లలెక్కే చోట ఎక్కమన్నారు. అక్క ఇప్పుడు కార్డులు కాగితం మీద ప్రింటు తీసి, చేతికిస్తోందట. పిల్లలు ఇంటికి తీసుకెళ్లి బీరువాకు అంటించుకుంటారట.

ఆ మధ్యాహ్నం సంగతి చెప్పి ముగిస్తాను. గ్రౌండ్ మధ్యలో బతుకమ్మలు పెట్టారు. ఏటా అయితే చుట్టూ ఫోన్లు లేచేవి. ఈసారి అక్క మైకు తీసుకొని, "ఎవరి పిల్లల ఫోటో వాళ్లే తీసుకోన్రి, పక్క పిల్లలది తియ్యకున్రి, జర అర్థం చేసుకోన్రి" అని పదేపదే చెప్పింది. పాట మొదలైంది. లీడర్ తన స్నేహితురాలిని యూనిఫాంలోనే వలయంలోకి లాగింది. మొదట రెండు అడుగులు తప్పాయి. తర్వాత చప్పట్లు కలిశాయి.

వాళ్ల నాన్న నా పక్కన నిలబడి ఉన్నాడు. బ్యాగు ఇంకా ల్యాబ్‌లోనే ఉంది.

"సెలవులు ఎప్పటిదాక మేడమ్?" అని అడిగాడు.

చెప్పాను. ఆయన తల ఊపి, తనకు తానే ఒకసారి ఆ తేదీ అనుకున్నాడు.

పాట ఒక చుట్టు తిరిగి ఆ అమ్మాయి మా వైపు వచ్చింది. ఆయన ఫోన్ తీశాడు, ఎత్తబోయాడు, ఆగాడు. కిందికి దించి పట్టుకొని అడిగాడు.

"బిడ్డా, ఒకటి తియ్యాల్నా?"

ఆమె చప్పట్లు ఆపకుండానే ఆలోచించింది. వలయం ముందుకు జరుగుతోంది, ఆమె మాట వెనక్కి తిరిగి వచ్చింది.

"తియ్యి డాడీ. నీ దగ్గరనే ఉంచుకో."